ముసురులో పంచదార పొడి గడ్డ కట్టకుండా దాచడం ఎలా? అసలు ఎన్నాళ్లు నిలవ ఉంటుంది?

పర్లాకిమిడి_పిండివంటలు (ప్రశ్న)

అందరికీ నమస్కారమండి. ఇంటి దగ్గర ఆర్డర్ల మీద కజ్జికాయలు, రవ్వలడ్లు, సున్నుండలు, పుట్టినరోజు కేకులు చేస్తుంటాం. దసరా, దీపావళి ఆర్డర్లన్నీ ఒక్కసారే మీద పడతాయి కాబట్టి పంచదార పొడి ముందే సిద్ధం చేసి ఉంచాలి. ఇప్పుడు మా దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి, బరంపురంలో టోకున కొన్న ఐసింగ్ షుగర్, కిలో ప్యాకెట్లు 5. వాటిలో ఒకటి విప్పి రబ్బరు బ్యాండు వేసి ఉంచాం. ప్యాకెట్ల మీద గడువు డిసెంబరు వరకే ఉంది. రెండోది, మిక్సీలో ఆడించిన మామూలు పంచదార, సుమారు 2 కిలోలు, స్టీలు డబ్బాలో ఉంది. ఈ ముసురుకి ఆ డబ్బా అడుగున అరంగుళం మందాన అట్ట కట్టింది. పై పొడి బాగానే ఉంది.

ఏ రకం ఎన్నాళ్లు ఉంటుంది? స్టీలు డబ్బా మంచిదా, గాజు సీసానా, ప్లాస్టిక్కా? ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? అట్టకట్టిన పొడిని మళ్లీ వాడుకోవచ్చా? తేదీ దాటాక వాడితే ప్రమాదమా? పొడి వేసవిలో ఎలా ఉంటుందో తెలుసు. నాకు కావలసింది జూన్ నుంచి అక్టోబరు దాకా మన దక్షిణ ఒడిశా వైపు పనికొచ్చే పద్ధతి.

బరంపురం_ఓవెన్

మీ దగ్గరున్నవి చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకే సరుకు కాదండి. నిలవ లెక్క కూడా రెండింటికీ వేరు. కొన్న ఐసింగ్ షుగర్‌లో సాధారణంగా 3 నుంచి 5 శాతం కార్న్‌ఫ్లోర్ కలిపి ఉంటుంది. కొందరు తయారీదారులు దాని బదులు ట్రైకాల్షియం ఫాస్ఫేట్ వేస్తారు. ప్యాకెట్ వెనక ఐఎన్ఎస్ 341 (ఆహారంలో కలిపే పదార్థాలకిచ్చే నంబరు) అని ఉంటే అదే. ఇవి గడ్డ కట్టకుండా ఆపడానికి వేసేవి. మిక్సీలో ఆడించిన పొడిలో అలాంటిదేమీ లేదు, అందుకే ముందు అదే అట్ట కట్టింది.

కారణం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ మీకే తడతాయి. పలుకుగా ఉన్న పంచదార తేమను అంత తేలిగ్గా లాగదు. గాలిలో తేమ సుమారు 84 శాతం దాటాకే అది నీరు కారడం మొదలెడుతుంది. పొడి చేసినప్పుడు ఈ లెక్క మారిపోతుంది. బ్లేడు పలుకును పగలగొట్టినప్పుడు ప్రతి ముక్క పైపొరలో స్ఫటికం అమరిక చెదిరిపోతుంది. ఆ చెదిరిన పొర చాలా తక్కువ తేమలో కూడా నీటిని పట్టుకుంటుంది. కొన్ని గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో మళ్లీ స్ఫటికంగా కుదురుకుంటూ ఆ పట్టుకున్న నీటిని వదిలేస్తుంది. వదిలిన నీరు పక్క రేణువుల అంచులను కరిగిస్తుంది, ఆరేటప్పుడు వాటిని ఒకదానికొకటి అతికిస్తుంది. కింది పొడి మీద పైనున్న బరువు కూడా పడుతుంది కనుక అతుకు ముందు అడుగునే గట్టిపడుతుంది. మీ డబ్బాలో జరిగింది సరిగ్గా ఇదే.

దీన్నిబట్టి, ఆడించిన వెంటనే డబ్బాకెత్తి మూత బిగించడం పొరపాటు పద్ధతి. మిక్సీ తిరిగిన వేడి పొడిలో ఉంటుంది. వేడిగా ఉండగా మూస్తే, చల్లారేటప్పుడు ఆ లోపలి తేమే అంచులకూ మూతకీ చేరి అక్కడి నుంచి గడ్డ మొదలవుతుంది. నేను సిఫారసు చేసే వరస ఇది.

పంచదార ఎస్-30 రకం తీసుకోండి. ఎం-30 కంటే పలుకు చిన్నది కనుక తక్కువ సేపు తిప్పితే చాలు, తక్కువ వేడెక్కుతుంది. ముసురు రోజైతే ముందుగా అడుగు మందంగా ఉన్న మూకుడులో సన్నని సెగ మీద 2, 3 నిమిషాలు కలియబెట్టండి. కరగకూడదు, రంగు మారకూడదు, చేతికి వెచ్చగా తగిలితే చాలు. పళ్లెంలోకి తీసి పూర్తిగా చల్లారనివ్వండి. కార్న్‌ఫ్లోర్‌ను కూడా విడిగా సన్నని సెగ మీద 4, 5 నిమిషాలు వేడి చేసి చల్లార్చండి. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు. కార్న్‌ఫ్లోర్‌లో సొంతంగానే 10 నుంచి 13 శాతం దాకా తేమ ఉంటుంది. ఆరబెట్టి వేస్తేనే అది పంచదార కంటే ముందుగా తేమను తనలోకి లాక్కుంటుంది.

లీటరు డ్రై జారులో ఒక వాయికి 200 గ్రాముల పంచదార, 8 గ్రాముల కార్న్‌ఫ్లోర్, అంటే ఒక టేబుల్‌స్పూన్, వేయండి. కిలోకి 40 గ్రాముల లెక్క. 30 సెకన్లు తిప్పి నిమిషం ఆపండి, అలా మూడు నాలుగు సార్లు. జారు బయట చెయ్యి పెడితే వెచ్చబడుతున్నట్టు అనిపిస్తే ఇంకాస్త సేపు ఆపండి. ఆఖర్న 5 నిమిషాలు మూత తీయకుండా ఉంచండి, లోపలి ధూళి కిందికి దిగుతుంది. తర్వాత సన్నని మైదా జల్లెడలో జల్లించి, పైన మిగిలిన రవ్వను తర్వాతి వాయిలో కలపండి.

జల్లించిన పొడిని వెడల్పు పళ్లెంలో ఆరబోసి ఫ్యాను కింద వదిలేయొద్దు. మన గాలిలో అది తేమ తినిపించడమే అవుతుంది. పొడిగా ఉన్న గిన్నెలోకి తీసి మూత వేసి ఒక రాత్రి ఉంచండి. నేను పైన చెప్పిన కుదురుబాటు చాలా వరకు ఆ రాత్రిలో జరిగిపోతుంది. మర్నాడు వేళ్లతో నలిపి, మళ్లీ ఒకసారి జల్లించి, అప్పుడు సీసాకెత్తండి. ఈ రెండో జల్లింపు చేసిన పొడికీ చేయని పొడికీ వారం తర్వాత తేడా మీకే కనిపిస్తుంది.

ఇక ఎన్నాళ్లు అన్నది. విప్పని ఐసింగ్ షుగర్ మీద కంపెనీ వేసిన గడువును బట్టి పోండి. సాధారణంగా అది తయారీ నుంచి 12 నుంచి 24 నెలలు ఉంటుంది. విప్పాక, బిగువైన సీసాలో పెడితే మన తీరం గాలికి 3 నుంచి 6 నెలల్లో వాడేయడం మంచిది. ఇంట్లో ఆడించి కార్న్‌ఫ్లోర్ కలిపింది వానాకాలంలో 2 నెలలు, డిసెంబరు నుంచి మార్చి దాకా అయితే 3, 4 నెలలు. ఏమీ కలపని పొడి ముసురులో వారం, పది రోజులు మాత్రమే పొడిపొడిగా ఉంటుంది. ఈ అంకెలు అది పొడిగా జారే గుణానికి సంబంధించినవి. విషంగా మారడానికి కాదు. పొడిగా ఉన్న పంచదారలో సూక్ష్మజీవులకు అందే నీరు ఉండదు, అందువల్ల అది కుళ్లదు.

కోరాపుట్_కిచెన్

మా కొండ మీద ఆగస్టులో ఇంట్లోకే మంచు వస్తుంది. గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నెలల తరబడి గడ్డ కట్టదు. ఫ్రిజ్ లోపలి గాలి బయటి గాలి కంటే పొడిగా ఉంటుంది కదా.

గంజాం_తేమలెక్క

@కోరాపుట్_కిచెన్ గారూ, లోపల ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. చిక్కంతా బయటికి తీసినప్పుడు వస్తుంది. మా గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు వానాకాలం పగలు 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ మామూలే. ఆ గాలి 26 డిగ్రీలకు చల్లబడితే చాలు, అందులోని నీరు బొట్లుగా కట్టేస్తుంది. 5 డిగ్రీల దగ్గరున్న డబ్బాను బయట పెట్టి మూత తీస్తే గోడల మీదే కాదు, పొడి మీద కూడా చెమ్మ పడుతుంది. రోజూ కాస్త కాస్త తీసే పొడికి ఇంతకంటే పాడుపని లేదు. పైగా ఫ్రిజ్‌లో ఉల్లిపాయ, ఇడ్లీ పిండి, చేపల వాసనలన్నీ సన్నని పొడి లాగేసుకుంటుంది. పలుకు కంటే పొడికి పైభాగం ఎన్నో రెట్లు ఎక్కువ, వాసన అంటుకోవడానికీ అంతే చోటు.

ఇంకొకటి. మన జిల్లాలకు అక్టోబరు అంటే తుపాను నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అలాంటప్పుడు కరెంటు రోజుల తరబడి ఉండదు. పండగ సరుకు సరిగ్గా ఆ నెలలోనే ఫ్రిజ్‌ను నమ్ముకుని ఉంటుంది. కరెంటు పోయిన ఫ్రిజ్ లోపల తేమ బయటికంటే ఎక్కువవుతుంది, ఐసు కరిగిన నీళ్లు కూడా తోడవుతాయి.

తప్పక ఫ్రిజ్‌లోనే పెట్టాలంటే ఒక్కో వంటకు సరిపడా విడి ప్యాకెట్లు కట్టి, సీలు చేసి, దాన్ని మళ్లీ డబ్బాలో పెట్టండి. కావలసిన ప్యాకెట్ మాత్రమే తీసి, సీలు విప్పకుండా బయట 2, 3 గంటలు ఉంచి, పైన చెమ్మ ఆరాక తుడిచి, అప్పుడు కత్తిరించండి. మిగిలింది తిరిగి ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

కోరాపుట్_కిచెన్

నేను చెప్పింది పండగ దాకా కదపని నిలవ గురించేనండి, రోజువారీ డబ్బా గురించి కాదు. విడి ప్యాకెట్ల పద్ధతి దానికి సరిపోతుంది. మా వైపు 250 గ్రాముల చొప్పున కడతారు. రోజువారీదానికి ఫ్రిజ్ వద్దన్న మాటతో నేనూ ఏకీభవిస్తాను.

గంజాం_తేమలెక్క

డబ్బా ఏది మంచిదన్న ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. చెప్తాను.

స్టీలు, గాజు, గట్టి ప్లాస్టిక్, మూడింటి గోడలూ పనికొచ్చేవే. తేడా వచ్చేది మూతలో. మన ఇళ్లలోని స్టీలు డబ్బాల మూత ఊరికే జారి కూర్చుంటుంది, చుట్టూ సందు ఉంటుంది. పప్పులకు సరిపోతుంది, పొడికి సరిపోదు. రబ్బరు వాషరు ఉండి క్లిప్పుతో బిగిసే గాజు సీసా, లేదా మరతిప్పే మూత లోపల మెత్తటి పొర ఉన్న ప్లాస్టిక్ జాడీ తీసుకోండి. కొనే ముందు నమ్మకం లేకపోతే పరీక్ష సులువు. ఖాళీ డబ్బాకు మూత బిగించి బకెట్ నీళ్లలో ముంచి, తలకిందులుగా పట్టుకోండి. మూత అంచు నుంచి బుడగలు వస్తే గాలి చొరబడుతున్నట్టే. పరీక్ష అయ్యాక వాషరు ఊడదీసి దాని గాడిలో నీళ్లు తుడవడం మరచిపోవద్దు. కడిగిన సీసాల్లో పొడి పాడవడానికి ఎక్కువసార్లు కారణం ఆ గాడిలో మిగిలిన చెమ్మే.

విప్పిన ప్యాకెట్‌కు రబ్బరు బ్యాండు వేస్తే చాలదు. మడత సందుల్లోంచి గాలి వస్తూనే ఉంటుంది, పల్చటి పాలిథిన్ సంచి అయితే దాని గోడలోంచే తేమ మెల్లగా లోపలికి పోతుంది. నిలవకు లోపల వెండిరంగు పొర ఉన్న మందపు పౌచులు మేలు. ప్యాకెట్‌ను అలాగే కత్తిరించిన మూతితో సహా సీసాలోకి దించినా సరే.

మూత తీసిన ప్రతిసారీ ఎంత తేమ లోపలికి పోతుంది? లెక్క వేద్దాం. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి లీటరులో ఉండే నీరు సుమారు 24 మిల్లీగ్రాములు. సగం ఖాళీగా ఉన్న 2 లీటర్ల సీసా ఒకసారి తెరిచి మూస్తే లోపలికి చేరేది మహా అయితే అంతే. చెంచాకు అంటుకున్న ఒక్క నీటిబొట్టు బరువు సుమారు 50 మిల్లీగ్రాములు. అంటే తడి చెంచా ఒక్కసారి పెట్టడం మూత రెండుసార్లు తీసినదానికి సమానం, అదీ తేమ అంతా ఒకేచోట పడుతుంది. ఆ బొట్టు తన బరువుకు రెట్టింపు పంచదారను కరిగించగలదు. మర్నాటికి శనగగింజంత గట్టి ఉండ తయారవుతుంది. అందుకే చెంచా ఆరిందో లేదో చూసుకోవడం మొదటి జాగ్రత్త. పొంగుతున్న పాలగిన్నె పక్కన, పాకం తిప్పుతున్న మూకుడు పక్కన మూత తీయకపోవడం రెండోది. ఆవిరి దగ్గర గాలి లెక్క 80 శాతంతో ఆగదు.

సీసా సగం ఖాళీ అయ్యాక చిన్న సీసాలోకి మార్చండి. లోపల ఎంత తక్కువ గాలి ఉంటే అంత మంచిది. అయిదు కిలోలు ఒకే పెద్ద డబ్బాలో పోసి రోజూ మూత తీయడం కంటే, అరకిలో సీసాలు పది చేసి ఒకటొకటిగా విప్పడం ఎంతో మేలు. పెట్టే చోటు కూడా చూడాలి. వానకు తడిసే బయటి గోడకు ఆనుకున్న అలమరా వద్దు, పొయ్యి పైన ఉన్న అరా వద్దు. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే చోట, రేకుల కప్పు కింద పై అరలాంటి చోట, పొడిలోని కాస్త తేమే వెచ్చని వైపు నుంచి చల్లని వైపుకు కదిలి అక్కడ గడ్డ కడుతుంది. లోపలి గది, నేలకు అడుగు పైన, పీట మీద, అది సరైన చోటు. ప్యాకెట్లను ఒకదాని మీద ఒకటి ఎత్తుగా పేర్చకండి, ఒత్తిడికి అడుగు ప్యాకెట్ తేమ లేకపోయినా బిగుసుకుంటుంది.

గుణుపురం_సంబరాలు

విడి పొడి గురించి ఒక మాట. కొట్లో చినిగుండ (ఒడియాలో పంచదార పొడి) అని అడిగితే బస్తాలోంచి తూచి ఇచ్చే పొడి ఉంటుంది. దాని మీద తేదీ ఉండదు, ఏం కలిపారో ఉండదు. నిలవకు అది వద్దు. తప్పక తెచ్చుకుంటే ఇలా చూసుకోండి. గాజు గ్లాసు నీళ్లలో 2 చెంచాల పొడి వేసి కలిపి గంట కదపకుండా ఉంచండి. శుద్ధమైన పంచదార పూర్తిగా కరిగి నీళ్లు తేటగా ఉంటాయి. నీళ్లు పాలలా మసకగా ఉండి అడుగున తెల్లటి మడ్డి దిగితే అందులో ఏదో కలిసింది. పైనీళ్లు వంచేసి మడ్డి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. బుసబుసా పొంగితే సుద్ద. పొంగకుండా, ఒక చుక్క టింక్చర్ అయోడిన్‌కు నీలంగా మారితే పిండి. ప్యాకెట్ ఐసింగ్ షుగర్‌లో పిండి ఉండడం మామూలే, దాన్ని కల్తీ అనుకోవద్దు. పొడి పంచదార అని చెప్పి అమ్మినదాంట్లో ఉంటే మాత్రం పిండిని పంచదార ధరకు కొన్నట్టే.

చీమల విషయం. సీసాలో లవంగాలు వేసే అలవాటు మన ఇళ్లలో ఉంది. పలుకు పంచదారకు ఫర్వాలేదు, కేకు మీద పూసే పొడికి మాత్రం వద్దు, వారంలో లవంగం వాసన దిగుతుంది. సీసాను నీళ్ల పళ్లెంలో నిలబెట్టండి, మూత బిగువైతే పళ్లెం నీళ్లతో చిక్కు రాదు. రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి, లేకపోతే దోమలు. చీమల మందు సుద్దతో గీతలు గీయడం తినుబండారాల దగ్గర అసలే వద్దు. ఎండుచేపలు, ఇంగువ, సబ్బులు, కలరా ఉండలు పెట్టే అరలో పంచదార పొడి పెట్టకండి.

పర్లాకిమిడి_పిండివంటలు

అందరికీ ధన్యవాదాలండి. చాలా స్పష్టత వచ్చింది. మరో మూడు సందేహాలు. కార్న్‌ఫ్లోర్ కలిపిన పొడి సున్నుండల్లో వేస్తే పచ్చిపిండి రుచి వస్తుందా? ఏకాదశి, కార్తీక మాసం ప్రసాదాలకు ధాన్యం కలిసింది వాడరు, అప్పుడు ఏం కలపాలి? మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేయొచ్చా, బియ్యం మూట సరిపోతుందా?

బరంపురం_ఓవెన్

రుచి సంగతి: 4 శాతం దగ్గర కజ్జికాయల పూర్ణంలో, రవ్వలడ్డులో, సున్నుండలో నాలుకకు తెలియదు. 8, 10 శాతానికి పోతే అంగిట్లో పిండిలా అతుక్కుంటుంది. అందుకని గడ్డ కడుతోందని ఇష్టం వచ్చినట్టు పిండి పెంచుకుంటూ పోవద్దు. కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లటి స్టార్చ్. మొక్కజొన్న రొట్టెలకు వాడే పసుపుపచ్చ పిండి వేస్తే గరుగ్గా ఉంటుంది, నూనె శాతం ఎక్కువ, కొన్నాళ్లకు కంపు కొడుతుంది.

ధాన్యం కూడదన్నప్పుడు పాలగుండ (ఆరారూట్ పొడి) వేయండి, కొలత అదే, కిలోకి 40 గ్రాములు. దాన్ని కూడా ఆరబెట్టే వేయాలి. కొన్ని ఇళ్లలో ఆ రోజు అదీ పనికిరాదంటారు. అలాగైతే ఏమీ కలపకుండా ఆ పూటకు కావలసినంతే ఆడించుకోండి, నిలవ ఆలోచనే వద్దు.

కజ్జికాయల వాళ్లు తరచూ చేసే పని ఇంకోటి ఉంది: పంచదార పొడి, కొబ్బరి, వేయించిన పప్పు ముందే కలిపి పూర్ణంగా నిలవ పెట్టడం. పచ్చికొబ్బరి అయితే దాని చెమ్మకే పొడి ముద్ద అవుతుంది, ఒక్క రోజుకే పులుస్తుంది. ఎండుకొబ్బరి అయినా దాని నూనె పంచదార కంటే ఎంతో ముందు కనరెక్కుతుంది. అప్పుడు పూర్ణమంతా పారబోయాలి. పొడి విడిగా, కొబ్బరి విడిగా ఉంచి, వత్తే రోజు ఉదయం కలపండి.

తూకం మరవొద్దు. 200 గ్రాముల పలుకు ఒక కప్పు. అదే పొడి చేస్తే కప్పుంబావు నుంచి కప్పున్నర దాటి వస్తుంది, ఎంత మెత్తగా ఆడితే అంత ఉబ్బుతుంది. జల్లించిన పొడికీ నొక్కి నింపిన పొడికీ కప్పు బరువు వేరు. ఆర్డర్ల పని అంటున్నారు కాబట్టి త్రాసే నమ్మండి.

గంజాం_తేమలెక్క

సిలికా జెల్: తినే వస్తువులకు పనికొచ్చేదని రాసి ఉన్న, చిరగని పొట్లాలే వాడండి. మందుల డబ్బాలోవి, చెప్పుల పెట్టెలోవి వద్దు. నీలం రంగు గింజలు అసలే వద్దు, వాటిలో రంగు కోసం కోబాల్ట్ క్లోరైడ్ కలుపుతారు. అరకిలో సీసాకు 5 గ్రాముల పొట్లం ఒకటి చాలు. పొడిలో పాతిపెట్టకుండా మూత లోపలివైపు అంటించండి, చెంచా తగిలి చిరగదు. తేమ తాగేసిన పొట్లం ఊరికే ఉన్నట్టే. ఓవెన్‌లో ఆరబెట్టుకోవచ్చని పొట్లం మీదే రాసి ఉంటే దాని ప్రకారం ఆరబెట్టండి. లేకపోతే కొత్తది మార్చండి.

బియ్యం మూట దాదాపు దండగ. బియ్యం మామూలుగానే 12, 13 శాతం తేమతో ఉంటాయి, ముసురులో ఇంకా పెరుగుతుంది. బాగా వేయించి వేసినా పంచదారకు పెద్దగా ఒరగదు, పైగా పురుగు చేరే అవకాశం మనమే ఇచ్చినట్టు. బిగువైన సీసా, ఆరిన చెంచా ఉంటే ఇవేవీ లేకపోయినా నడుస్తుంది. మూత వదులుగా ఉంటే ఎన్ని పొట్లాలు వేసినా రెండు రోజుల ముచ్చటే.

రాయగడ_కేక్స్

గడ్డకట్టిన పొడి గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను అందుకుంటాను.

ఉండను వేళ్ల మధ్య పెట్టి నొక్కండి. సులువుగా పిండి అయిపోతే జల్లించి వాడుకోవడమే, దానికేమీ కాలేదు. వేళ్లకు లొంగక, అప్పడాల కర్రతో కొడితే పగిలేదైతే ముక్కలు చేసి మళ్లీ ఆడించాలి. ఆడించే ముందు ఆరబెట్టాలి, లేకపోతే జారు గోడకు పేస్టులా అతుక్కుంటుంది. ఓవెన్ ఉంటే 60 డిగ్రీల దగ్గర, పళ్లెంలో పల్చగా పరిచి, తలుపు కొంచెం తెరిచి, అరగంట. అంతకంటే వేడి అక్కర్లేదు. చల్లార్చి, 200 గ్రాములకు ఒక చిన్న చెంచా ఆరబెట్టిన కార్న్‌ఫ్లోర్ చేర్చి ఆడించి జల్లించండి. ఇలా ఒకసారి చేసిన పొడిని ముందు వాడేయండి, కొత్త పొడిలో కలిపి నిలవ పెట్టకండి. మీ స్టీలు డబ్బాలో పైన బాగున్న పొడిని మెల్లగా విడిగా తీసేసి, అడుగు అట్టను మాత్రమే ఇలా చేయండి.

జిగురుగా, తడిగా, చెంచాకు సాగుతూ ఉంటే అది పొడిగా మళ్లీ పనికిరాదు. దానికో దారి ఉంది కానీ పిండి కలిసిందా లేదా అన్నది ముందు చూడాలి. ఏమీ కలపనిదైతే పాకం పట్టుకోవచ్చు, టీలో వేసుకోవచ్చు, నిమ్మ షర్బతులో వేసుకోవచ్చు. ఐసింగ్ షుగర్‌తో మాత్రం పాకం పట్టకండి. అందులోని స్టార్చ్ ఉడికి పాకం మసకబారుతుంది, చిక్కబడుతుంది, తీగ సరిగా తెలియదు, అడుగంటుతుంది. దాన్ని బిస్కెట్ల పిండిలో, కేకు పిండిలో, కస్టర్డులో వేసేయండి, అక్కడ ఆ కాస్త పిండి కలిసిపోతుంది.

పారబోయాల్సినవి ఇవీ: బూజు చుక్కలు, పురుగు లేదా గూడు, సబ్బు వాసనో కిరోసిన్ వాసనో పట్టింది, పుల్లగా లేదా కల్లు వాసన కొడుతున్నది. పంచదార కుళ్లదన్న మాట పొడిగా ఉన్నంతవరకే. బాగా తడిసినచోట తీపిని తట్టుకునే ఈస్టులు పెరుగుతాయి, ఆ పులిసిన వాసన వాటిదే. పైపైన తీసేసి మిగతాది వాడదామన్న ఆలోచన వద్దు. కాస్త పసుపు తిరిగినా వాసన, రుచి మామూలుగా ఉంటే ఇంట్లో వంటకు ఫర్వాలేదు. తెల్లటి ఐసింగ్‌కు మాత్రం పనికిరాదు, పూసిన తర్వాత మీకే తెలుస్తుంది.

తేదీ దాటాక వాడొచ్చా అంటే, మీ ఇంట్లో తినేదానికైతే ప్యాకెట్ విప్పి చూసి, వాసన చూసి, పొడిగా తెల్లగా ఉంటే వాడుకోండి. డబ్బు తీసుకుని చేసే ఆర్డర్లలో వాడకండి. సరుకు బాగున్నా సరే, తేదీ దాటినది అమ్మకం వంటలోకి రాకూడదు. కొనేవాళ్లు మీ చేతి మీద నమ్మకంతో తింటారు, ఆ ప్యాకెట్ వాళ్లకు కనిపించదు. మీ గడువు డిసెంబరు అంటున్నారు కాబట్టి లెక్క చిక్కేమీ కాదు: విప్పిన ప్యాకెట్, మిగతా 4 ప్యాకెట్లు కలిపి దసరా, దీపావళి కేకులకూ కజ్జికాయలకూ పెట్టుకోండి. సంక్రాంతికి మాత్రం కొత్త ప్యాకెట్లు తెచ్చుకోండి. సీసాకెత్తినప్పుడు ప్యాకెట్ మీది తేదీ, బ్యాచి నంబరు ఉన్న ముక్క కత్తిరించి సీసాకు అంటించండి, పక్కనే విప్పిన తేదీ రాయండి. ఇంట్లో ఆడించినదాని మీద ఆడించిన తేదీ, పిండి కలిపారో లేదో రాయండి.

పర్లాకిమిడి_పిండివంటలు

అర్థమైందండి. రేపే విప్పిన ప్యాకెట్‌ను రెండు అరకిలో క్లిప్పు సీసాల్లోకి మారుస్తాను. అడుగు అట్ట సుమారు 300 గ్రాములు ఉంటుంది, దాంట్లో పిండి లేదు కాబట్టి ఆడించే శ్రమ పడకుండా కాజాల పాకంలోకి పోతుంది. ఒక్కటే మిగిలింది: కొత్తగా ఆడించేటప్పుడు వాన కురుస్తుంటే ఆ రోజు మానుకోవాలా?

బరంపురం_ఓవెన్

మానుకోనక్కర్లేదు, వేళ చూసుకోండి. వంటింట్లో పొయ్యి వెలగని మధ్యాహ్నం వేళ, కిటికీ మూసి చేయండి. తెల్లవారుజామున, రాత్రి గాలిలో తేమ శాతం ఎక్కువ. ఏసీ గది ఉంటే మిక్సీ అక్కడికే తీసుకెళ్లండి, జల్లించడం కూడా అక్కడే. పంచదార, కార్న్‌ఫ్లోర్ ముందే వెచ్చచేసి చల్లార్చి మూత పెట్టుకుని ఉంచితే ఆడించి జల్లించే పని కిలోకి అరగంట. ఆ అరగంటా చేతులు పొడిగా ఉండాలి, మధ్యలో కుళాయి దగ్గరికి వెళ్లొద్దు.